బంగారు గని లేని బంగారు ఊరు

ప్రొద్దుటూరు చుట్టుపక్కల బంగారు గని లేదు. అయినా నగలు కొనాలంటే పక్క జిల్లాల వాళ్లు కూడా ఆ ఊరికే వస్తారు. రెండో బొంబాయి అని దానికి పేరు. పులివెందుల, జమ్మలమడుగుల్లో మాత్రం నేల నిండా ఖనిజాలే. ఈ కడప సీమ చరిత్ర తిరగేసినప్పుడల్లా నాకు విడని ముడి ఇదే.

1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే జమ్మలమడుగు దగ్గరి గండికోటకు వచ్చి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిశాడు. 1872లో విలియం కింగ్ సర్వే గ్రంథం వచ్చాక ఇక్కడి శిలలకు భూగర్భశాస్త్రంలో కడప పేరు స్థిరపడింది. ఆ తర్వాత పులివెందుల వైపు ముగ్గురాయి, రాతినార (ఆస్బెస్టాస్) తవ్వారు. 1986లో కేంద్రం రాతినారకు కొత్త లీజులు ఆపేసింది. అప్పటికే పీల్చిన దుమ్ము కూలీల ఊపిరితిత్తుల్లోంచి పోదు కదా!

నాపరాయి కథ వేరు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతంలో పొరలు పొరలుగా లేచే ఈ రాయి మన ఇళ్లలో నేల అయింది, బొంబాయి వంటిళ్లలో గట్టు అయింది. గనుల వెంటే పాలిష్ మిషన్లు వెలిశాయి. సున్నపురాయి సిమెంటు ఫ్యాక్టరీలను రప్పించింది. 1994లో కలమళ్ల దగ్గర థర్మల్ కేంద్రం మొదలయ్యాక, సింగరేణి బొగ్గు బూడిదై ఆ సిమెంటులోనే కలుస్తోంది. ఒక పని మరో పనిని పుట్టించడమంటే ఇదీ. ఆఫ్రికాలోని బోట్స్వానా పట్టుబట్టి సాధించుకున్నదీ ఇదే: 1967లో ఒరాపాలో వజ్రాలు దొరికాయి, వాటిని ఏర్చి అమ్మే పని లండన్ నుంచి రాజధాని గాబరోన్‌కు 2013లో గాని రాలేదు.

పులివెందుల దగ్గరి తుమ్మలపల్లెలో 2012లో యురేనియం మిల్లు ప్రారంభమైంది. సరుకు హైదరాబాదు పోతుంది, వ్యర్థం ఇక్కడే ఉంటుంది. బోరునీళ్లు చెడిపోయాయని చుట్టుపక్కల రైతులు మొరపెట్టుకున్నారు. వాళ్ల మాట వినకుండా దాన్ని అభివృద్ధి అనడానికి నాకు నోరు రాదు. ఇక ఉక్కు సంగతి: జమ్మలమడుగు ప్రాంతంలో 2007, 2018, 2019, 2023 సంవత్సరాల్లో ఉక్కు కర్మాగారానికి నాలుగుసార్లు శంకుస్థాపన జరిగింది.

మరి గని లేని ప్రొద్దుటూరును నిలబెట్టింది నీళ్లేనని నా నమ్మకం. పందొమ్మిదో శతాబ్దంలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వి, 1882లో సర్కారు కొనుక్కున్న కర్నూలు-కడప కాలువ కింద పైరు పండింది. పండిన డబ్బు అంగడికి వచ్చింది, అంగడిని నమ్ముకొని కంసాలి కొలిమి వెలిగింది. పులివెందులలోనూ చిత్రావతి రిజర్వాయరు నీళ్లు అందిన చేలల్లో చీనీ కాస్తోంది, అరటి గెలలు ఢిల్లీ లారీలెక్కుతున్నాయి.