అనామక ఏజెంట్ల గణన శక్తి: చారిత్రక పరిణామం

పంపిణీ వ్యవస్థలో అనేక యంత్రాలు కలిసి ఒక లెక్కను పూర్తిచేస్తాయి. సాధారణంగా ప్రతి యంత్రానికీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య లేక, యంత్రాలన్నీ ఒకేలా ఉంటే అవి ఎంతవరకు లెక్కించగలవు? ఈ ప్రశ్నకు సమాధానం సుమారు మూడు దశాబ్దాల్లో రూపుదిద్దుకొంది.

1980లో డేనా ఆంగ్లూయిన్ ఒక పరిమితిని నిరూపించారు. వలయంగా కలిపిన ఒకే రకం ప్రాసెసర్లు, యాదృచ్ఛిక ఎంపికకు అవకాశం లేనప్పుడు, తమలో ఒక నాయకుణ్ణి ఎన్నుకోలేవు. అన్నీ ఒకే స్థితిలో మొదలై, ఒకే సందేశం అందుకొని, ఒకే విధంగా స్పందించవచ్చు. అప్పుడు ఒకటి "నేనే నాయకుణ్ణి" అంటే మిగిలినవన్నీ అదే మాట అంటాయి.

2004లో ఆంగ్లూయిన్, జేమ్స్ ఆస్ప్‌నెస్, మైకేల్ ఫిషర్ సహా ఐదుగురు పరిశోధకులు 'పాపులేషన్ ప్రోటోకాల్' నమూనాను ప్రతిపాదించారు. ఇందులో ఏజెంట్లకు పేరు లేదు, జ్ఞాపకశక్తి అతి స్వల్పం, కదలిక తమ చేతిలో ఉండదు. రెండు ఏజెంట్లు కలిసినప్పుడు మాత్రమే స్థితులు మారతాయి. ప్రతి కలయికలో ఒకటి ప్రారంభించేది, మరొకటి స్పందించేది. కాబట్టి ఇద్దరు నాయకులు ఎదురైతే రెండోది తప్పుకొంటుంది; చివరకు ఒక్కరే మిగులుతారు.

వారి ఉదాహరణ పక్షుల గుంపు. కనీసం 5 పక్షులకు జ్వరం ఉందా? జ్వరమున్న పక్షి సెన్సర్ 1తో, మిగిలినవి 0తో మొదలవుతాయి. రెండు కలిసినప్పుడు ఒకటి రెండోదాని అంకెను తనలో కలుపుకొంటుంది, రెండోది 0 అవుతుంది. మొత్తం 5కు చేరితే రెండూ 5గా మారి, ఆపై కలిసిన ప్రతిదాన్నీ 5గా మారుస్తాయి. గుంపు ఎంత పెద్దదైనా ఆరు స్థితులు చాలు. అయితే 5కు చేరని పక్షికి "లేదు" అన్న సమాధానం ఖాయమైందో లేదో ఎన్నటికీ తెలియదు.

2006లో ఆంగ్లూయిన్, ఆస్ప్‌నెస్, డేవిడ్ ఐసెన్‌స్టాట్ ఈ నమూనా హద్దును కచ్చితంగా నిర్ణయించారు. 1929లో ప్రెస్‌బర్గర్ అధ్యయనం చేసిన, కూడిక ఉండి గుణకారం లేని అంకగణితమే ఆ హద్దు. జ్వరమున్నవి లేనివాటికన్నా ఎక్కువా అన్నది తేల్చవచ్చు. లేనివాటి సంఖ్య ఉన్నవాటి సంఖ్యకు వర్గమా అన్నది తేల్చలేం.

2009లో గెర్రావి, రూపర్ట్ ప్రతి ఏజెంటుకూ ఒక గుర్తింపును, ఇతరుల గుర్తింపులు కొన్నింటిని దాచుకొనే చోటును ఇచ్చారు. అప్పుడు ఏజెంట్లు, తమ సంఖ్యతోపాటు పెరిగే జ్ఞాపకం గల ట్యూరింగ్ యంత్రం పనిని చేయగలవని చూపారు. ఎంత పెరిగినా కూడిక దగ్గరే ఆగిన గుంపు, ఒకదాన్నొకటి గుర్తుపట్టగలిగితే గుణకారాన్నీ దాటి వెళ్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 1980లో అసాధ్యమన్న నాయకుని ఎన్నిక 2004 నమూనాలో ఎలా సాధ్యమైంది?