మాట మనస్సును చేరు మార్గము

రేడియోలో వార్తలు ముగిసిన పిమ్మట వీధి అరుగుమీద నలుగురు కూర్చుండి, విన్నదానిని గూర్చి తర్కించుకొనుట మనము ఎరిగిన దృశ్యమే. "రేడియోలో చెప్పినారు" అని ఒకరు అనగానే, "చెప్పినంత మాత్రమున నిజమగునా?" అని వేరొకరు అడుగుదురు. ఈ రెండు మాటల నడుమ ఒక పెద్ద ప్రశ్న కలదు. ఒకరు పలికిన మాట మరియొకరి మనస్సును మార్చుట ఎట్లు? ఆ శక్తి పలికిన వానిలో నున్నదా, మాటలో నున్నదా, లేక విన్నవానిలో నున్నదా? ఈ ప్రశ్న చరిత్రను కొంత పరిశీలింతము.

క్రీస్తు పూర్వము 4వ శతాబ్దిలో ఏథెన్సు నగరమున పౌరుడు సభలో తన అభిప్రాయమును తానే చెప్పవలెను. న్యాయస్థానమున తన వ్యాజ్యమును తానే వాదించుకొనవలెను. అట్టి చోట జయాపజయములు నాలుకపై ఆధారపడుట సహజము. ఆ కాలమున అరిస్టాటిల్ వక్తృత్వమును గూర్చి గ్రంథము వ్రాసి, ఒప్పించుటకు మూడు సాధనములను నిరూపించెను. మొదటిది వక్త శీలము. రెండవది శ్రోతల చిత్తవృత్తి. మూడవది వాదమునందలి హేతువు. వీనిలో శీలమే అన్నిటికంటె బలవత్తరమైనదని చెప్పదగునని ఆయన తలంచెను. యుక్తి ఎంత ఉన్నను, చెప్పువానియందు నమ్మకము లేనిచో మాట చెవి దాటి లోనికి పోదు.

ఏథెన్సు సభలో వినువాడు లేచి ఎదురు పలుకవచ్చును. రేడియో వచ్చిన పిమ్మట ఆ వీలు పోయినది. ఒక్క కంఠము లక్షల యిండ్లలో ఏకకాలమున మ్రోగును. ఎదురు సమాధానము ఆ కంఠమునకు వినబడదు. "చెప్పేవాడికి వినేవాడు లోకువ" అను మన సామెత ఇచ్చట పూర్తిగా చెల్లునేమో యని లోకము భయపడెను. 1938 అక్టోబరు 30న అమెరికాలో ఆర్సన్ వెల్స్ అంగారక గ్రహవాసుల దండయాత్రను వార్తల రూపమున నాటకముగా ప్రసారము చేసెను. దేశమంతయు భీతిల్లి వీధులలో పడినదని మరునాటి పత్రికలు వ్రాసెను. కొందరు భయపడిన మాట నిజమే కాని, పత్రికలు దానిని మిక్కిలి పెంచి వ్రాసినవని తరువాతి పరిశోధకులు తేల్చిరి.

జర్మనీలో నాజీ ప్రభుత్వము 1933లోనే 76 మార్కుల ధరకు 'ప్రజా రేడియో' అను పెట్టెను అమ్మించి, తన కంఠమును ఇంటింటికి చేర్చెను. 1939లో యుద్ధము ఆరంభము కాగానే విదేశీ కేంద్రములను వినుట నేరమని శాసించెను. ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. రేడియో మాట నిజముగా రామబాణమే అయినచో, ఇతరుల గొంతు నొక్కవలసిన పని ఏమి?

ఈ బాణసిద్ధాంతమును కదలించినది 1940లో జరిగిన ఒక పరిశోధన. ఆ సంవత్సరము అమెరికా అధ్యక్షపదవికి రూజ్వెల్టు, విల్కీ పోటీ చేసిరి. ఆస్ట్రియానుండి వలస వచ్చిన పాల్ లాజర్స్‌ఫెల్డ్ తన సహచరులతో ఒహాయో రాష్ట్రమునందలి ఈరీ కౌంటీలో 600 మందిని ఎన్నుకొని, మే నెలనుండి నవంబరు వరకు మాటిమాటికి ప్రశ్నించెను. ప్రచారమును విని పక్షము మార్చుకొన్న వారు స్వల్పముగా కనబడిరి. పెక్కుమంది తమ పక్షమువారి మాటలనే విని, ముందున్న అభిప్రాయమునందే గట్టిపడిరి. మనస్సు మార్చుకొన్న వారిపై రేడియోకంటె, పత్రికకంటె, తెలిసిన మనుష్యుని మాటయే ఎక్కువగా పనిచేసినట్లు తోచెను. రేడియో మాట మొదట శ్రద్ధగా వినువారిని చేరి, వారి నోట ఇరుగు పొరుగులకు పోవునని లాజర్స్‌ఫెల్డ్ బృందము 1944లో ప్రకటించెను. అట్టివారు ధనికులు, అధికారులు మాత్రమే కారు; ప్రతి వర్గమునందును ఉందురు. అనగా, అరుగుమీది సంభాషణ ప్రసారమునకు తోక కాదు, అందులో సగపాలు.

అయినను వినువాడు నిశ్చింతగా ఉండదగదు. 1945లో కార్ల్ హావ్లండ్, ఆయన సహచరులు అమెరికా సైనికులకు రెండు విధములైన రేడియో ప్రసంగములు వినిపించిరి. జర్మనీ ఓడిన పిదప కూడ జపానుతో యుద్ధము కనీసము రెండేండ్లు సాగునని రెండింటి సారాంశము. ఒకదానిలో అనుకూలవాదము మాత్రమే కలదు. రెండవదానిలో ప్రతిపక్షపు యుక్తులు కూడ పేర్కొనబడెను. ముందే అంగీకరించువారిపై మొదటిదియు, వ్యతిరేకించువారిపై రెండవదియు బాగుగా పనిచేసెను. కాని ఆ యుద్ధము ఆ ఆగస్టులోనే ముగిసెను! మాట మనస్సును గెలిచినది; లోకము వేరుగా నడచినది. ఒప్పించుట వేరు, నిజమగుట వేరు అనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

1951లో హావ్లండ్, వైస్ మరియొక సంగతి చూపిరి. ఒకే వ్యాసమును కొందరికి నమ్మదగిన వాని పేరుతోను, కొందరికి నమ్మదగని వాని పేరుతోను ఇచ్చిరి. వెంటనే అడిగినప్పుడు మొదటివారే ఎక్కువగా ఒప్పుకొనిరి. నాలుగు వారములు గడచునప్పటికి ఆ భేదము మాసిపోయెను. చెప్పినవాని పేరు మాటనుండి విడిపోవును. మాట మాత్రము మనస్సులో నిలిచియుండును. అరిస్టాటిల్ చెప్పిన శీలపరీక్ష విన్న దినమున మేలుకొని, నెల తిరుగునప్పటికి నిద్రించుచున్నది.

ఈ పాఠములు మన దేశమునకు దూరమైనవి కావు. 1956లో ఆకాశవాణి యునెస్కో సహాయముతో నాటి బొంబాయి రాష్ట్రమున పూనా ప్రాంతపు ఐదు జిల్లాలలో 150 గ్రామములందు శ్రోతల గోష్ఠులను నెలకొల్పెను. ఒక్కొక్క గోష్ఠిలో ఇంచుమించు ఇరువదిమంది రైతులు చేరి, 20 ప్రసారములను విని, తమలో తాము చర్చించి, సందేహములను కేంద్రమునకు వ్రాసి పంపిరి. వానికి సమాధానములు తిరిగి ప్రసారమయ్యెను. రేడియో ఉండియు గోష్ఠి లేని గ్రామములతో పోల్చి చూడగా, గోష్ఠులున్న చోట రైతుల జ్ఞానము చాల హెచ్చినట్లు పాల్ న్యూరత్ పరిశోధనలో తేలెను. ఏథెన్సులో వినువానికి ఉండిన నోరు, ఆ గ్రామములలో రేడియో ముందు మరల లభించినది.

కావున పెట్టెను కట్టివేసిన తరువాతనే వినువాని పని ఆరంభమగును. ఈ మాట ఎవరు చెప్పిరి? రెండవ పక్షము ఏమి? ఈ మూడు వారములలో దీనిని ఎవరితోనైన తర్కించితినా? ఈ ప్రశ్నలు వేసికొను ఇంటిలో రేడియో అతిథివలె నుండును. వేసికొనని ఇంటిలో యజమాని యగును. అరుగుమీద "నిజమగునా?" అని అడిగిన ఆ పొరుగువానిని విసుగుకొనక, పక్కన కూర్చుండబెట్టుకొనుడు.