చెన్నపట్నాన్ని చూపించినవారు: దుబాసీలు, వారు చెప్పినవి, చెప్పనివి

ఒక రోజు చెన్నై చూడదలచుకున్న ప్రయాణికుడికి ఇప్పుడు పెద్ద ఇబ్బంది ఉండదు. డబ్బు చెల్లిస్తే ఉదయాన్నే బస దగ్గరికి కారు వస్తుంది. అందులో ఒక గైడు ఉంటాడు. సెయింట్ జార్జి కోట, మ్యూజియం, మెరీనా, శాంథోం చర్చి, మైలాపూరు కపాలీశ్వరాలయం చూపించి, దారిలో ఒకటి రెండు దుకాణాల ముందు ఆపి, చీకటి పడేలోగా తిరిగి దించుతాడు. ఇది ఇటీవలి పర్యాటక వ్యాపారంలా కనిపిస్తుంది. నిజానికి ఈ పని ఆ నగరంతోపాటే పుట్టింది. దాన్ని మొదట చేసినవారిలో తెలుగువారు చాలామంది. ఈ పాఠ్యభాగంలో వారి చరిత్రను పరిశీలిద్దాం.

మార్కాపురంలోనో గిద్దలూరులోనో ఉండి ఈ పాఠం చదువుతున్న విద్యార్థికి చెన్నపట్నంతో పనేమిటన్న సందేహం రావచ్చు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు ఈ ప్రాంతానికి రాజధాని చెన్నపట్నమే. కంభం, మార్కాపురం 1858 వరకు కడప జిల్లాలోనూ, ఆ తరువాత కర్నూలు జిల్లాలోనూ ఉన్నాయి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు. అంతవరకు ఈ సీమ కోస్తా జిల్లాల్లో భాగం కాదు. అయినా కోర్టు అప్పీలుకైనా, సర్కారుకు అర్జీ పెట్టుకోవడానికైనా ఇక్కడివారు వెళ్లవలసింది ఆ సముద్రతీర నగరానికే.

ఒడ్డున ఎదురయ్యే మనిషి

పద్దెనిమిదో శతాబ్దంలో చెన్నపట్నానికి రేవు లేదు. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసేవి. అక్కడి నుంచి మనుషుల్ని, సరుకును మసూలా పడవల్లో తెచ్చేవారు. ఈ పడవలకు ఇనుప మేకులుండవు. చెక్కల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. అల బలంగా కొట్టినా చెక్క విరగకుండా కొంచెం వంగి మళ్లీ నిలదొక్కుకుంటుంది. మూడు వరసల అలల్ని దాటి తడిసి ముద్దై ఒడ్డు చేరిన కొత్త దొరకు మొదట ఎదురయ్యేవాడు దుబాసీ. కొందరు దుబాసీలు ఒడ్డున వేచి ఉండేవారు కూడా కాదు, పడవెక్కి ఓడ దగ్గరికే వెళ్లేవారు. అంతకుముందు తాము కొలువు చేసిన దొరలు రాసిచ్చిన యోగ్యతా పత్రాల కట్ట వారి చేతిలో ఉండేది. ఆనాటి యూరోపియన్ ప్రయాణికుల రచనల్లో ఈ దృశ్యం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఆ పత్రాల్ని నమ్మవద్దన్న హెచ్చరికా దాని పక్కనే ఉంటుంది!

ద్విభాషి, అంటే రెండు భాషలు తెలిసినవాడు, దుబాసీ అయ్యాడు. మాట తర్జుమా చేయడం అతని పనిలో ఒక భాగం మాత్రమే. ఇల్లు అద్దెకు కుదర్చడం, పల్లకీ బోయీలను, నౌకర్లను పెట్టడం, అప్పు ఇప్పించడం, ఊరు తిప్పి చూపించడం, ఎవరిని ఎప్పుడు ఎలా కలవాలో చెప్పడం అన్నీ అతనివే. దొర కొనే ప్రతి వస్తువు మీదా అతనికి దస్తూరి ముట్టేది. ఇప్పుడు గైడు తీసుకువెళ్లిన దుకాణంలో మనం కొన్నదాని మీద అతనికి వాటా అందుతుందని విని కొందరు ఆశ్చర్యపోతుంటారు. అది దస్తూరికి వారసురాలే. చూపించేవాడికి చూపించే దారిలో స్వార్థం ఉంటుందని చరిత్ర విద్యార్థి మొదట గుర్తించాలి. అంతమాత్రాన అతను చెప్పేదంతా అబద్ధమని తీర్మానించకూడదు.

ముగ్గురు తెలుగు దుబాసీలు

1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుని దగ్గర ఈస్టిండియా కంపెనీ కోట కట్టుకోవడానికి స్థలం పొందిన సందర్భంలో ఫ్రాన్సిస్ డే వెంట బేరి తిమ్మప్ప ఉన్నాడని సంప్రదాయం చెబుతుంది. ఆయన పాలకొల్లు ప్రాంతంవాడు. చెన్నపట్నం అన్న పేరు వెంకటాద్రి తండ్రి చెన్నప్ప పేరు మీద వచ్చిందని ఎక్కువమంది అంగీకరిస్తారు. అంటే ఆ నగరం గురించిన మొదటి బేరంలోనే ఒక తెలుగు మధ్యవర్తి ఉన్నాడు.

తరువాతి శతాబ్దంలో సుంకురామ చెట్టి పేరు వినిపిస్తుంది. కంపెనీకి బట్టల సరఫరాలో ఆయన పెద్ద వర్తకుడు. 1734లో గవర్నర్ పిట్ కాలంలో నేతగాళ్ల కోసం కట్టిన చింతాద్రిపేట ఆయన తోట ఉన్న చోటే వెలిసింది.

మూడోవాడు అవధానం పాపయ్య. ఈయన విషయం కొంత వివరంగా చూడాలి. గవర్నర్ జాన్ హాలండ్‌కు పాపయ్య దుబాసీ. రెవెన్యూ బోర్డు సభ్యుడైన డేవిడ్ హాలిబర్టన్ మీద కుట్ర చేశాడన్న అభియోగం మీద 1792లో పాపయ్యను విచారించి శిక్షించారు. విచారణ వివరాలు పుస్తకంగా వచ్చాయి. తరువాత వాల్టర్ స్కాట్ ఒక కథలో ఆయనను దుష్టపాత్రగా మలిచాడు. ఇంగ్లీషు పాఠకుడికి దుబాసీ అంటే కుట్రదారు అన్న అభిప్రాయం బలపడటానికి ఇటువంటి రచనలు తోడ్పడ్డాయి. ఈ ఆధారాన్ని మనం జాగ్రత్తగా చదవాలి. పాపయ్య నిర్దోషి అని వాదించనక్కరలేదు. అయితే ఒక గవర్నర్ పాలనలో జరిగిన అక్రమాలకు దుబాసీ ఒక్కడే ముఖంగా మిగలడం కంపెనీ అధికారులకు ఎంత అనుకూలించిందో ఆలోచించాలి. ఇప్పటికీ చెన్నై చూలై ప్రాంతంలో ఒక వీధి పాపయ్య పేరుతోనే ఉంది. ఆ వీధికి పర్యాటకులను తీసుకువెళ్లేవారు అరుదు.

చెన్నకేశవుడు ఉన్న చోటు

మార్కాపురం అనగానే చెన్నకేశవస్వామి గుర్తుకు వస్తాడు. ఆ పేరుగల దేవుడు చెన్నపట్నంలోనూ ఉన్నాడు. కంపెనీ తొలి రోజుల్లో కోటకు ఉత్తరాన, దేశీయులుండే నల్లపట్నంలో, పెద్ద గుడి ఉండేది. 1746లో ఫ్రెంచివారు నగరాన్ని పట్టుకున్నారు. 1749లో అది మళ్లీ ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. కోట మీదికి వచ్చే శత్రువుకు ఇళ్ల చాటు దొరకకూడదని చుట్టుపక్కల కట్టడాలను పడగొట్టి మైదానం చేశారు. ఆ క్రమంలో 1757లో గుడిని కూడా తీసేశారు. నగరవాసుల అసంతృప్తి తరువాత కంపెనీ వేరే చోట స్థలం ఇచ్చింది. గవర్నర్ పిగట్ దుబాసీ మణలి ముత్తుకృష్ణ మొదలియార్ పూనికతో చందాలు పోగై, చెన్నకేశవ, చెన్నమల్లీశ్వర ఆలయాలు పక్కపక్కనే జంటగా లేచాయి. పూలబజారు దగ్గర అవి ఇప్పటికీ ఉన్నాయి.

పాత గుడి ఉన్న చోట 1892లో హైకోర్టు భవనం పూర్తయింది. ఎర్రని ఇటుకలు, గుమ్మటాలు ఉన్న ఆ భవనాన్ని ప్రతి గైడూ చూపిస్తాడు. దాని వాస్తుశైలి గురించి చెబుతాడు. 1914లో జర్మన్ యుద్ధనౌక ఎండెన్ ఆ తీరం మీద గుండ్లు కురిపించిన సంగతీ చెబుతాడు. దాని కింది నేల కథ మాత్రం చాలాసార్లు వదిలేస్తాడు.

కర్నూలు జిల్లా నుంచి అప్పీలుకు వెళ్లే రైతు చేరేది ఆ హైకోర్టుకే. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడే వరకు ఆ పరిస్థితి మారలేదు. 1880వ దశకంలో నల్లమలలో సొరంగం తొలిచి, లోయల మీద ఎత్తైన వంతెనలు కట్టి వేసిన మీటరుగేజి మార్గం వల్ల గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు ప్రయాణం సులువైంది. అయినా దొరకు దొరికినట్టు ఈ రైతుకు దుబాసీ దొరకడు. అంతకుముందు ఒకసారి పట్నం చూసివచ్చిన ఊరివాడో, ప్లీడరు గుమాస్తానో అతనికి దారి చూపాలి. ఆ మనుషుల గురించి యోగ్యతా పత్రాలు లేవు, ప్రయాణ గ్రంథాలు లేవు. నగరాన్ని ఎవరికి ఎవరు చూపారన్న చరిత్రలో మనకు మిగిలిన ఆధారాలు ఎక్కువగా ధనికుల వైపువే.

కావలి సోదరులు, కరణాలు

దుబాసీ విద్య అంతా వ్యాపారానికే పరిమితం కాలేదు. ఏలూరు వైపు నుంచి వచ్చిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు కాలిన్ మెకంజీ దగ్గర పనిచేశారు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే మరణించాడు. అదే సంవత్సరం లక్ష్మయ్య మహాబలిపురం మీద రాసిన వివరణ, చాలాకాలం తరువాత, 1869లో కార్ వెలువరించిన మహాబలిపురం వ్యాసాల సంపుటిలో చేరింది. చెన్నపట్నం చూడవచ్చినవారు మహాబలిపురం కూడా చూసివెళ్లడం అప్పటికే అలవాటు. ఆ విధంగా ఒక తెలుగువాడు సేకరించిన స్థలచరిత్ర తరువాతి యాత్రికుల చేతి పుస్తకంలో భాగమైంది. రామస్వామి మరో అడుగు వేసి, దక్కనులోని నగరాలను, స్థలాలను పరిచయం చేస్తూ ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాసి 1828లో కలకత్తాలో ప్రచురించాడు. ఒకరి వెంట నడుస్తూ చెప్పే మాట అచ్చు పుస్తకంగా మారడం ఇక్కడ చూడవచ్చు.

మెకంజీ మనుషులు దత్త మండలాల్లో తిరిగినప్పుడు ఈ సంబంధం తలకిందులైంది. పట్నం నుంచి వచ్చిన గుమాస్తా ఇప్పుడు కొత్తవాడు. ఊరి కరణం చూపించేవాడు. గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, ఈ అగ్రహారం ఎవరికి ఎప్పుడు ఇచ్చారు వంటి ప్రశ్నలకు కరణాలు చెప్పిన సమాధానాలే కైఫియత్తులు. కరణానికీ దుబాసీలాగే ప్రయోజనాలున్నాయి. ఇనాము భూముల మీద కంపెనీ సర్కారు కన్ను పడిన కాలంలో ఊరి పెద్దలు తమ హక్కుల్ని పాత రాజుల దానాలుగా చెప్పుకోవడం సహజం. కైఫియత్తును శాసనంతో, రెవెన్యూ లెక్కలతో సరిచూసుకోవాలని చెప్పడం ఇందుకే. పశ్చిమ ప్రకాశం స్థానిక చరిత్ర రాయదలచిన విద్యార్థికి ఇవి చాలా విలువైన ఆధారాలు. గైడు మాటను వినడం నేర్చుకున్నవాడు వీటిని మరింత బాగా చదవగలడు.

ఏనుగుల వీరాస్వామయ్య విషయం ఇక్కడ చెప్పుకోవాలి. ఆయన చెన్నపట్నం సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీ. నిత్యం ఇతరుల మాటలను చేరవేసే ఆ ఉద్యోగి 1830 మే 18న సుమారు నూరుమంది పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. దారి నల్లమలకు పడమటి వైపు నుంచి, అహోబిలం, మహానంది, ఆత్మకూరు, శ్రీశైలం మీదుగా సాగింది. గిద్దలూరు, మార్కాపురం కొండకు అవతల ఉండిపోయాయి. దారిలో మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాసి పంపిన సంగతులే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. మజిలీల దూరాలు, సరుకులు దొరికే చోట్లు, నీటి వసతి, కూలీల ఇబ్బందులు వంటివి ఆయన ఓపికగా నమోదు చేశాడు. చూపించేవాడు చూసేవాడైతే ఏం గమనిస్తాడో తెలుసుకోవడానికి ఇంతకన్న మంచి తెలుగు పుస్తకం లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు నగరం చూడటం

మీరు చెన్నై వెళ్లి గైడును కుదుర్చుకున్నారనుకోండి. కేంద్ర పర్యాటక శాఖ గుర్తింపు కార్డు ఉందా, ప్రవేశ రుసుములు, కారు కిరాయి ముందు చెప్పిన మొత్తంలో చేరి ఉన్నాయా, దుకాణాల దగ్గర ఆపుతారా అన్నవి బయలుదేరే ముందే అడగడం మంచిది. వేరుగా కుదుర్చుకున్న గైడు వల్ల ఉన్న అసలు ప్రయోజనం, మన ప్రశ్నను బట్టి దారి మారగలగడం. బస్సులో నలభైమందితో వెళ్లినప్పుడు అది సాధ్యపడదు.

కపాలీశ్వరాలయం చూశాక మైలాపూరులోనే రెండు సంగతులు అడగవచ్చు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు నివాసం శ్రీబాగ్ ఎక్కడ ఉండేదన్నది మొదటిది. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు అక్కడే ఒడంబడిక చేసుకున్నారు. రాజధాని, హైకోర్టులలో ఒకదాన్ని ఎంచుకునే హక్కు రాయలసీమకు ఉండాలనీ, నదీజలాల్లో వెనుకబడిన ప్రాంతాలకు ముందు వాటా ఇవ్వాలనీ అందులో రాసుకున్నారు. అప్పటికి మార్కాపురం, కంభం కర్నూలు జిల్లాలోనివి కనుక ఆ మాట ఈ ప్రాంతానికీ వర్తించింది. 1970లో జిల్లా మారాక ఇక్కడి రైతు ఏ లెక్కలోకి వస్తాడన్నది వెలిగొండ నీటి కోసం ఎదురుచూసినవారికి కేవలం పాఠ్యపుస్తకం ప్రశ్న కాదు.

రెండోది రాయపేట హైరోడ్డులోని బులుసు సాంబమూర్తి ఇల్లు. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష మొదలుపెట్టింది ఆ ఇంట్లోనే. దీక్ష 58వ రోజున, డిసెంబరు 15న, ఆయన మరణించిందీ అక్కడే. ఇప్పుడది స్మారక భవనం. కపాలీశ్వరాలయం నుంచి అక్కడికి కారులో ఎంతోసేపు పట్టదు. మామూలు పర్యటన జాబితాల్లో అది ఉండదు కనుక గైడుకు ఉదయమే చెప్పి ఉంచాలి.