షాంగ్‌యిన్: చైనా వెబ్ ధారావాహిక

‘షాంగ్‌యిన్’ ఇద్దరు హైస్కూలు కుర్రాళ్ల ప్రేమకథను చెప్పే చైనా వెబ్ ధారావాహిక. చైనా వెలుపల ‘అడిక్టెడ్’ అనే ఇంగ్లీషు పేరుతో ప్రసిద్ధి పొందిన ఈ ధారావాహిక 2016 జనవరి 29న ప్రసారం మొదలుపెట్టి, పదిహేను భాగాల్లో పన్నెండు మాత్రమే విడుదలైన దశలో, ఫిబ్రవరి 22న ఆ దేశపు వీడియో వేదికల నుంచి మాయమైంది. నెల తిరగకుండానే ముగిసిన ఈ ప్రసారం గురించి తర్వాత వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం నిషేధం చుట్టూనే తిరిగింది. దాంతో కళాఖండంగా దీని గుణదోషాల పరిశీలన వెనకబడింది. నిజానికి చైనా తెరపై పురుషుల మధ్య ప్రేమను చిత్రించిన తీరును అర్థం చేసుకోవడానికి నిషేధం ఎంత ముఖ్యమో, ఈ ధారావాహిక దేనిలో నెగ్గింది, దేనిలో తప్పటడుగు వేసింది అన్నదీ అంతే ముఖ్యం.

దీని మూలాలు ‘దాన్‌మెయ్’ అనే సాహిత్య శాఖలో ఉన్నాయి. ఇద్దరు పురుషుల ప్రేమను ప్రధానంగా స్త్రీలే రాసి, స్త్రీలే చదివే కాల్పనిక సాహిత్యానికి చైనాలో ఈ పేరు స్థిరపడింది. 1990లలో జపాన్ కామిక్ పుస్తకాల ప్రభావంతో మొలకెత్తిన ఈ శాఖ, 2003లో ఏర్పడిన జిన్‌జియాంగ్ వంటి ఆన్‌లైన్ సాహిత్య వేదికల అండతో వేళ్లూనుకుని, అచ్చు పుస్తకాలకు దక్కని పాఠకులను రోజుకో అధ్యాయం చొప్పున సంపాదించుకుంది. చాయ్ జీదాన్ అనే కలం పేరుతో రాసే రచయిత్రి నవలే షాంగ్‌యిన్‌కు ఆధారం. స్క్రీన్‌ప్లే కూడా ఆమే రాయడం, నిర్మాణంలోనూ పాలుపంచుకోవడం వల్ల నవలలోని సంభాషణల చురుకుదనం పెద్దగా చెడకుండా తెరకెక్కింది. దర్శకుడు దింగ్ వెయ్.

ఇటువంటి కథ 2016లో బహిరంగంగా విడుదల కాగలగడానికి చట్టపరమైన, పాలనాపరమైన కారణాలున్నాయి. చైనాలో స్వలింగ సంబంధాలను శిక్షించడానికి వాడుతూ వచ్చిన ‘పోకిరీతనం’ అనే నేరాన్ని 1997లో శిక్షాస్మృతి నుంచి తీసేశారు, 2001లో మానసిక రుగ్మతల జాతీయ వర్గీకరణ నుంచి స్వలింగ ఆకర్షణను తప్పించారు. అయినా సినిమా, టెలివిజన్ రంగాల్లో తలుపులు తెరుచుకోలేదు. ఇంటర్నెట్ నవల ఆధారంగా హాంకాంగ్ దర్శకుడు స్టాన్లీ క్వాన్ 2001లో తీసిన ‘లాన్ యు’ సినిమాను బీజింగ్‌లో అనుమతి లేకుండానే చిత్రీకరించవలసి వచ్చింది. వెబ్ ధారావాహికల పరిస్థితి వేరు. 2012 నాటి ఉత్తర్వు ప్రకారం వాటిని ప్రసారం చేసే సంస్థలే ముందుగా పరిశీలించుకుని విడుదల చేసుకునే పద్ధతి అమల్లో ఉండటంతో, టెలివిజన్‌కు వర్తించే కత్తెర వాటి దాకా వెంటనే రాలేదు. ఆ సందులోంచే షాంగ్‌యిన్ బయటికి వచ్చింది.

కథ బీజింగ్‌లో సాగుతుంది. గు హాయ్ ఒక సైనికాధికారి కొడుకు. తల్లి చనిపోయాక తండ్రి మరో పెళ్లికి సిద్ధపడటాన్ని సహించలేక, పంతం పట్టి ఒక సాధారణ పాఠశాలలో చేరతాడు. అదే తరగతిలో చదివే బాయ్ లువోయిన్ పేదవాడు, పాత వాడలోని ఇంట్లో తండ్రి, నాయనమ్మలతో ఉంటాడు. క్లాసులో బల్ల మీద తల వాల్చి నిద్రపోతూ కూడా మంచి మార్కులు తెచ్చుకునే తెలివిగలవాడు. గు హాయ్ తండ్రి పెళ్లాడబోయేది, బాయ్‌ను చిన్నప్పుడే విడిచి వెళ్లిన కన్నతల్లినే. ఈ సంగతి తెలియకుండా మొదలైన కుర్రాళ్ల కయ్యం స్నేహంగా, స్నేహం ప్రేమగా మారాక నిజం బయటపడటం కథకు కీలకమైన మలుపు.

షాంగ్‌యిన్ బలమంతా ఈ ప్రేమ నిత్యజీవితంలోంచి పుట్టుకురావడంలో ఉంది. చూడగానే మనసు పారేసుకోవడం, వానలో తడుస్తూ ఎదురుపడటం వంటి అరిగిపోయిన ఘట్టాలకు బదులు, ముందు బల్ల మీద కునుకు తీస్తున్న వాణ్ని వెనకనుంచి కదిపి విసిగించడం, హోంవర్కు పుస్తకం మీద పోట్లాట, ఇరుకు మంచం మీద సర్దుకుని పడుకోవడం వంటి చిన్న చిన్న పనులతోనే చనువు పెరుగుతుంది. తన ఇంట్లో అన్నీ ఉన్నా పలకరించే దిక్కులేని గు హాయ్, బాయ్ ఇంటి ముంగిట్లో అందరితో కలిసి కూర్చుని భోంచేసే సన్నివేశాల్లో, ఇతనికి కావలసింది ఆ కుర్రాడు ఒక్కడే కాదని, ఆ ఇల్లు కూడానని ఎవరూ చెప్పకుండానే ప్రేక్షకుడికి అర్థమవుతుంది. బాయ్ తండ్రి బాయ్ హాన్‌చీ పాత్ర ఈ ధారావాహికలోకెల్లా చక్కగా మలిచిన పాత్ర. సంపాదన అంతంతమాత్రమే అయినా, వంట సరిగా రాకపోయినా, కొడుకు ముందు ఎన్నడూ బెట్టు చేయని ఆ మనిషి వల్ల పేదరికం జాలిగొలిపే అలంకారంగా కాక బతుకులో భాగంగా కనిపిస్తుంది.

గు హాయ్‌గా నటించిన హువాంగ్ జింగ్‌యు, బాయ్‌గా నటించిన షు వెయ్‌జౌ అప్పటికి పేరులేని యువకులు. నటనలో పెద్దగా అనుభవం లేకపోవడం కొన్ని ఉద్వేగభరిత సన్నివేశాల్లో బయటపడినా, ఆటపట్టించుకునే చోట అదే వారికి కలిసివచ్చింది. అన్నిటికీ మించి, ఇది ప్రేమేనని ఈ ధారావాహిక దాచుకోలేదు. ముద్దునూ, అసూయనూ, అలకనూ ఒక యువతీ యువకుల కథలో చూపినంత మామూలుగా చూపింది. చైనా ప్రేక్షకులకు తమ సొంత భాషలో, తమ ఊళ్ల నేపథ్యంలో, చాటుమాటు లేకుండా ఇంతమంది చూసేలా అందిన ఇటువంటి కథ అరుదు.

లోపాలూ చిన్నవి కావు. తక్కువ ఖర్చుతో తీసినట్టు వెలుతురులోనూ, సన్నివేశాల కూర్పులోనూ తెలిసిపోతుంది. అయితే అసలు లోపం డబ్బుకు సంబంధించినది కాదు. బాయ్ దూరం జరిగినప్పుడు గు హాయ్ అతణ్ని ఎత్తుకుపోయి కట్టిపడేసి తన ప్రేమను ఒప్పించజూసే ఘట్టం చివరి భాగాల్లో వస్తుంది. ఎదుటివాడి ఇష్టంతో పనిలేని ఆ బలవంతాన్ని ధారావాహిక నేరంగా చూడదు, ప్రేమ తీవ్రతకు గుర్తుగా చూపి ముందుకు సాగిపోతుంది. వెంటబడి వేధించేవాడే చివరికి నిజమైన ప్రేమికుడని తేలే ఈ వాటం దాన్‌మెయ్ నవలల్లో అప్పటికే పాతుకుపోయి ఉంది. తెలుగు సినిమా చూసేవారికీ ఇది కొత్త కాదు. నిత్యజీవితపు చనువుతో అంత ఓపికగా కట్టుకుంటూ వచ్చిన నమ్మకాన్ని కథే ఇక్కడ చేజేతులా చెడగొట్టుకుంది.

స్త్రీ పాత్రలకూ న్యాయం జరగలేదు. ఇద్దరు నాయకుల మాజీ ప్రేయసులూ అడ్డు తొలగించవలసిన ఆటంకాలుగానే వచ్చిపోతారు. బాయ్ తల్లి జియాంగ్ యువాన్ కొడుకును ఎందుకు విడిచిపెట్టిందో ఆమె వైపునుంచి వినే అవకాశం దాదాపు దొరకదు. స్త్రీలు రాసి స్త్రీలు ఆదరించిన కథలో ఇలా జరగడం మరింత ఆలోచించవలసిన విషయం. స్వలింగ ప్రేమికులు సమాజంలో ఎదుర్కొనే భయం, పెళ్లి చేసుకోమనే ఇంటివారి ఒత్తిడి వంటివి కూడా ప్రసారమైన కథలో లీలామాత్రంగానే ఉన్నాయి. నవలలో ఈ ప్రేమకు పెద్దల నుంచి కఠినమైన వ్యతిరేకత ఎదురై, ఇద్దరూ ఎనిమిదేళ్లు విడిపోయి, బాయ్ వైమానిక దళంలో చేరాక మళ్లీ కలుసుకుంటారు. తెరకెక్కినది ఆ కథలో మొదటి సగానికి లోపే కనుక, మూల్యం చెల్లించవలసిన ఘట్టాలు రాకముందే ధారావాహిక ఆగిపోయింది. తలపెట్టిన రెండో సీజన్ వెలువడలేదు.

తొలగింపుకు వేదికలు వివరమైన కారణం చెప్పలేదు. అయితే స్వలింగ సంబంధాలను ‘అసహజ లైంగిక సంబంధాల’ జాబితాలో చేర్చి టెలివిజన్ ధారావాహికల్లో చూపరాదన్న నియమావళి 2015 డిసెంబరు 31 తేదీతో సిద్ధమై ఉంది. ఇంటర్నెట్‌కూ టెలివిజన్‌కూ ఒకే కొలమానం వర్తిస్తుందని అధికారులు 2016 ఫిబ్రవరి చివర్లోనే ప్రకటించారు. 2017 జూన్‌లో ఇంటర్నెట్ కార్యక్రమాలకు సైతం అటువంటి నియమాలే వచ్చాయి. మిగిలిన మూడు భాగాలు చైనాలో అందుబాటులో లేని యూట్యూబ్‌లో వెలువడ్డాయి. ఇద్దరు నటులూ స్వదేశంలో మళ్లీ జంటగా కనిపించలేదు. హువాంగ్ 2018లో విడుదలైన ‘ఆపరేషన్ రెడ్ సీ’ అనే యుద్ధ చిత్రంతో పెద్ద సినిమాల్లో నిలదొక్కుకోగా, షు గాయకుడిగానూ నటుడిగానూ కొనసాగాడు.

ఆ తర్వాత చైనా నిర్మాతలు దాన్‌మెయ్ నవలలను వదులుకోలేదు గానీ ప్రేమను స్నేహంగా, సోదరభావంగా మార్చి తీయసాగారు. 2018లో ‘గార్డియన్’, 2019లో యాభై భాగాల ‘ది అన్‌టేమ్డ్’, 2021లో ‘వర్డ్ ఆఫ్ ఆనర్’ ఈ పద్ధతిలో వచ్చినవే. నటనలో, హంగుల్లో షాంగ్‌యిన్‌ను ఎంతో మించిన ఈ ధారావాహికల్లో ప్రేమికుల చూపులకు అర్థం ప్రేక్షకులే వెతుక్కోవలసి వచ్చింది. షాంగ్‌యిన్‌లో హంగులు లేవు గానీ దాపరికమూ లేదు. 2021 సెప్టెంబరు తర్వాత అధికారులు ఈ దారినీ బిగించడంతో, చిత్రీకరణ పూర్తయిన కొన్ని ధారావాహికలు విడుదలకు నోచుకోలేదు.

షాంగ్‌యిన్ నవలను థాయ్‌లాండ్‌లో మళ్లీ ధారావాహికగా తీసి 2024లో విడుదల చేశారు. చాయ్ జీదాన్ మరో నవల ఆధారంగా చైనా నటులతో తీసిన ‘రివెంజ్డ్ లవ్’ 2025లో వచ్చింది. దానిని ప్రసారం చేసినవి చైనా వెలుపలి వేదికలు.