కరణం గారి అబ్బాయి కరణమేనా?

ఈరోజు శుక్రవారం, సెలవు. అందుకని కాస్త పెద్దగా రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

ఈ వారం నేను పట్టుకున్న మాట "వారసుడు". ఇన్నాళ్ళూ ఇది సంస్కృతం అనుకున్నాను. కాదట. అరబ్బీలో "వారిథ్" అంటారు. అది ఉర్దూలో "వారిస్" అయింది. మన దగ్గరికి వచ్చి వారసుడు అయింది. చదువంతా ఇంగ్లీషు మీడియంలో సాగిన నాలాంటి వాడికి ఇలాంటివి అరవై దాటాక తెలుస్తున్నాయి. అదీ ఈ మాట పుట్టిన భాష మాట్లాడే చోట కూర్చుని!

నేను ఉండేది సులైలో. రియాద్ నగరానికి ఆగ్నేయంగా ఉంటుంది. ఎటు చూసినా గోదాములు, లారీలు, దుమ్ము. మా గోదాములో నేను లెక్కలు చూస్తాను. ఈ మాట నా బుర్రలో తిరగడానికి కారణం 2022 మేలో మా మెస్‌లో జరిగిన ఒక సంభాషణ.

మాతో పనిచేసే ఫిలిప్పీన్స్ అతను రియాద్‌లోని వాళ్ళ ఎంబసీకి వెళ్ళి ప్రెసిడెంట్ ఎన్నికలో ఓటు వేసి వచ్చాడు. ఎవరికి వేశావు అని అడిగాను. మార్కోస్ జూనియర్‌కి అన్నాడు. 1986లో జనం రోడ్ల మీదికి వచ్చి తరిమేసిన మార్కోస్ కొడుకే! "తండ్రి చేసింది కొడుకు మీద ఎందుకు వేయాలి?" అన్నాడు. సరే, మరి తండ్రి పేరు లేకపోతే ఈయన నీకు తెలిసేవాడా అన్నాను. అన్నం కలుపుకుంటూ ఊరుకున్నాడు. ఆ ఎన్నికలో మార్కోస్ జూనియర్‌కి 3 కోట్ల 10 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి.

పక్కన సిరిసిల్ల తమ్ముడు ఉన్నాడు. "నువ్వయితే నాయకుడి కొడుక్కి వేస్తావా?" అని అతన్నీ అడిగాను. "ఎవ్వలకన్న ఏసుడెట్ల సార్, ఈడికెల్లి మనకు ఓటే లేదు గద" అన్నాడు.

ఆ మాట దగ్గరికి చివర్లో వస్తాను. ముందు మా ఇంటి కథ చెప్పాలి.

మాది తెనాలి దగ్గర పల్లె. మా నాన్న ఉద్యోగం కోసం భిలాయి వెళ్ళిపోయారు. ఊళ్ళో మా పెదనాన్న కరణం. అంతకు ముందు మా తాత కరణం. కరణం గారి అబ్బాయి కరణం అవుతాడు, దాన్ని ఎవరూ అడగరు. మా అన్నయ్య, అంటే పెదనాన్న కొడుకు, చిన్నప్పటి నుంచీ అడంగల్ రాయడం నేర్చుకున్నాడు.

నిజానికి ఈ పద్ధతికి మొదటి దెబ్బ మా జిల్లాలోనే తగిలింది. గుంటూరు జిల్లాలో ఒక గ్రామ మున్సబు పదవి మీద గాజుల దశరథ రామారావు అనే ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. పాత ఉద్యోగి కుటుంబంలో పుట్టడం అర్హత కాదని, పుట్టుకను బట్టి ప్రభుత్వ పదవి ఇవ్వడం రాజ్యాంగంలోని 16వ అధికరణకు విరుద్ధమని 1960 డిసెంబరులో కోర్టు చెప్పింది. కానీ తీర్పు వేరు, ఊరి అలవాటు వేరు. చాలా ఊళ్ళలో కరణీకాలు ఆ తర్వాత కూడా అవే ఇళ్ళలో ఉన్నాయి.

1984 జనవరిలో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కరణాలు, మున్సబులు, తెలంగాణలో పటేళ్ళు, పట్వారీలు అందరి పదవులూ రద్దు చేసింది. మా ఇంట్లో పెదనాన్న రెండు రోజులు అన్నం ముట్టలేదట. అన్నయ్య తర్వాత ఒక లారీ ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. మా ఇంట్లో ఆ పార్టీ పేరు ఎత్తేవారు కాదు. కానీ చాలా ఏళ్ళ తర్వాత పెద్దమ్మ వంటింట్లో నాతో చెప్పింది, 1985 ఎన్నికల్లో తను సైకిల్‌కే వేశానని. "రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చాడు కదరా. మీ పెదనాన్నకి చెప్పకు" అంది.

అదే ప్రభుత్వం 1987లో దేవాదాయ చట్టం తెచ్చి, గుళ్ళలో వంశపారంపర్య ధర్మకర్తల పదవిని, అర్చకుల వారసత్వ హక్కును కూడా తీసేసింది. అంటే మన రాష్ట్రంలో వారసత్వ పదవుల మీద అంత గట్టిగా కత్తి పెట్టిన నాయకుడు ఆయనే. మరి ఆయన పార్టీ ఎవరికి వెళ్ళింది?

1995 ఆగస్టులో అల్లుడు చంద్రబాబు నాయుడు గారి వైపు ఎమ్మెల్యేలు ఎక్కువమంది వెళ్ళారు. రామారావు గారి కొడుకులు కూడా అప్పుడు అటే నిలబడ్డారు. సెప్టెంబరు 1న ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. 1996 జనవరి 18న రామారావు గారు పోయారు. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో భార్య లక్ష్మీపార్వతి గారి పార్టీకి ఒక్క సీటూ రాలేదు. అల్లుడి పార్టీకి 16 వచ్చాయి. 1999లో కొడుకు హరికృష్ణ గారు అన్న తెలుగుదేశం అని వేరే పార్టీ పెట్టారు. దానికీ ఒక్క సీటు రాలేదు, గుడివాడలో ఆయనే ఓడిపోయారు. భార్య, కొడుకు, అల్లుడు. ముగ్గురిలో జనం రక్తాన్ని చూడలేదు. పార్టీ ఎవరి చేతిలో ఉందో, పని ఎవరు నడుపుతున్నారో చూశారు.

రాజశేఖరరెడ్డి గారి ఇంటి సంగతి దీనికి తలకిందులుగా మొదలైంది. 2009 సెప్టెంబరు 2న ఆయన పోయారు. కాంగ్రెస్ పార్టీ కొడుకును కాదని రోశయ్య గారిని ముఖ్యమంత్రిని చేసింది. కొడుకు జగన్ గారు బయటికి వచ్చి, 2011 మేలో కడప ఉప ఎన్నికలో 5 లక్షల 45 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. అది తండ్రికి వేసిన ఓటు అని నేను అనుకుంటున్నాను. కానీ 2014లో అధికారం రాలేదు. 2019లో 175కి 151 సీట్లు వచ్చాయి. 2024లో 11. ఇంటిపేరు మూడుసార్లూ అదే. కడపలో 2024లో చెల్లెలు షర్మిల గారు కాంగ్రెస్ తరఫున నిలబడితే, దాయాది అవినాష్ రెడ్డి గారు గెలిచారు, ఆమె మూడో స్థానంలో ఉన్నారు.

లోకేశ్ గారు 2019లో మంగళగిరిలో ఓడిపోయారు. అక్కడే 2024లో 91 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. తెలంగాణలో కేసీఆర్ గారి కూతురు కవిత గారు 2014లో నిజామాబాద్‌లో గెలిచారు. 2019లో పసుపు రైతులు గిట్టుబాటు ధర కోసం, పసుపు బోర్డు కోసం 170 మందికి పైగా నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది పోటీలో ఉన్నారు. ఆమె ఓడిపోయారు.

ఇక్కడ ఇంకో సంగతి నాకు తట్టింది. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు కూడా రామారావు గారి ప్రభుత్వమే ఇచ్చింది, 1985 సెప్టెంబరు నుంచి. పొలంలో కూతురికి వాటా ఉంది. పార్టీలో మాత్రం ఇప్పటికీ కొడుకుకో అల్లుడికో వెళుతోంది.

శ్రీలంకలో 2019లో గోటబయ రాజపక్స గెలిచి, 2022 జులైలో దేశం వదిలి పారిపోయారు. 2024లో ఆ ఇంటి అబ్బాయి నమల్ ప్రెసిడెంట్‌గా నిలబడితే నూటికి మూడు ఓట్లు కూడా రాలేదు.

సెలవుకు ఊరు వెళ్ళినప్పుడు నేను మా గుడిలో సేవ చేస్తాను. చెప్పులు చూడటం, ప్రసాదం పంచడం. 2007లో చట్టం మార్చి, అర్హత ఉన్న అర్చక కుటుంబాలకు వారసత్వం మళ్ళీ కొంత ఇచ్చారు. మా పెద్ద అర్చకులు పోయాక వాళ్ళ అబ్బాయే రావాలని భక్తులు అడిగారు. నేనూ అడిగాను, కరణీకం పోయిన ఇంటివాణ్ణి అయి ఉండి! మొదటి పండక్కి అందరూ తండ్రి మీద ప్రేమతో వచ్చారు. రెండో పండక్కి మంత్రం సరిగ్గా చదువుతున్నాడా, గుడి వేళకి తీస్తున్నాడా అని చూశారు. తీస్తున్నాడు, కాబట్టి ఉన్నాడు.

ఓటరు కూడా అంతే అని నా అభిప్రాయం. మొదటి ఓటు తండ్రికి వేస్తాడు. రెండోది లెక్క చూసి వేస్తాడు. మా పెద్దమ్మ లాగా. అయితే ఒక్క తేడా ఉంది. అర్చకుడి అబ్బాయికి పరీక్ష ఉంది. నాయకుడి అబ్బాయికి టికెట్ ఇచ్చే చోట ఏ పరీక్షా లేదు. కడపలో లాగా అటూ ఇటూ వారసులే నిలబడితే, ఓటరు వారసత్వం వద్దు అని ఎలా చెబుతాడు?

ఇక సిరిసిల్ల తమ్ముడి మాట. మన రాష్ట్రపతికి మనం నేరుగా ఓటు వేయం, అది వేరే సంగతి. కానీ ఎమ్మెల్యేకి, ఎంపీకి కూడా సులై నుంచి వేయలేం. 2010లో చట్టం మార్చి విదేశాల్లో ఉన్న భారత పౌరులకు ఓటరు జాబితాలో చోటు ఇచ్చారు. అయితే పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా మన ఊరి బూత్‌కి వెళ్ళాలి. 2023 నవంబరు 30న తెలంగాణ పోలింగ్ రోజు అతను కంటైనర్ దించుతున్నాడు. 2024 మే 13న నేను స్టాకు లెక్కపెడుతున్నాను.

మార్కోస్ కొడుక్కి వేసిన అతన్ని నేను ఆ రోజు కాస్త చిన్నచూపు చూశాను. ఇప్పుడు అనిపిస్తోంది, తప్పో ఒప్పో, అతనికి వేసే చోటు ఉంది. ఆరేళ్ళకి మళ్ళీ వెళ్ళి, మనసు మార్చుకుని, ఇంకొకరికి వేయగలడు. వారసుణ్ణి ఇంటికి పంపాలన్నా ఓటే కావాలి కదా.

నా తెలుగులో తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను. "దాయాది" సరిగ్గా వాడానా?