వనేడియం ఎలా తీస్తారు? టన్ను రాయి తవ్వినా 20 కిలోలు రావడం కష్టమే..!

కొత్తపేట నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే కాంచన్‌బాగ్‌లో మిధాని ఉంది. 1973లో ఏర్పాటైన ఈ ప్రభుత్వ సంస్థ తయారు చేసే టైటానియం మిశ్రలోహాల్లో ఒక ముఖ్యమైన రకంలో దాదాపు 4 శాతం వనేడియమే ఉంటుంది. విమాన భాగాలకు, తుంటి కీలు ఇంప్లాంట్లకు వాడేది ఈ రకమే. ఇంటర్ కెమిస్ట్రీ గుర్తుందా? సల్ఫ్యూరిక్ యాసిడ్ తయారీలో ఉత్ప్రేరకం.. అదే వనేడియం పెంటాక్సైడ్.

అయితే వనేడియం కోసమే నడుస్తున్న గని మన దేశంలో ఒక్కటీ లేదు. 2023 జూన్‌లో కేంద్రం ప్రకటించిన 30 కీలక ఖనిజాల లిస్టులో మాత్రం ఇదీ ఉంది.

గనిలో ఏం జరుగుతుంది?

సింగరేణి ఓపెన్‌కాస్ట్ చూసినవాళ్లకు తవ్వకం కొత్త కాదు. డ్రిల్లింగ్, బ్లాస్టింగ్, షావెల్, డంపర్.. అంతా అదే తంతు. బ్రెజిల్‌లోని మరకాస్, దక్షిణాఫ్రికా గనుల్లోనూ ఇంతే. బొగ్గు తీశాక పని దాదాపు అయిపోయినట్టే. ఇక్కడ అసలు పని అప్పుడే మొదలవుతుంది.

రాయిని పొడి చేస్తారు. వనేడియం మాగ్నెటైట్‌లో కలిసి ఉంటుంది కాబట్టి అయస్కాంతంతో ఆ భాగాన్ని లాగేస్తారు. దానికి సోడా యాష్ లాంటి సోడియం లవణం కలిపి, గుండ్రంగా తిరిగే పొడవాటి కొలిమిలో వెయ్యి డిగ్రీలకు అటూఇటూ కాలుస్తారు. అప్పుడు వనేడియం నీళ్లలో కరిగే రూపంలోకి మారుతుంది. కరగనిదంతా వ్యర్థాల చెరువుకే. ఆ నీళ్లలో అమ్మోనియం లవణం వేస్తే పొడి అడుక్కి దిగుతుంది. దాన్ని మళ్లీ కాలిస్తే పెంటాక్సైడ్. ఇందులో ఎక్కువ భాగం ఫెర్రోవనేడియంగా మారి స్టీల్ ప్లాంట్లకే వెళ్తుంది.

పెంటాక్సైడ్ దుమ్ముతోనే ముప్పు. ఎక్కువగా పీల్చిన కార్మికులకు దగ్గు, ఆయాసం వస్తాయి. నాలుక పచ్చగా మారుతుంది కూడా! క్యాన్సర్‌కు కారణం కావొచ్చనే జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం దీన్ని చేర్చింది.

మన దగ్గర దొరుకుతుందా?

అరుణాచల్ ప్రదేశ్‌లోని డెపో ప్రాంతంలో నిక్షేపాలు ఉన్నట్టు జీఎస్ఐ గుర్తించింది. కానీ పెంటాక్సైడ్ సగటు 0.3 శాతమే, అంటే టన్నుకు 3 కిలోలు. పైగా అది గ్రాఫైట్ కలిసిన రాయి, అయస్కాంతం పద్ధతి కుదరదు.

మనకు దగ్గరి దారి కోరాపుట్ జిల్లా దామన్‌జోడి. అక్కడ నాల్కో బాక్సైట్ నుంచి అల్యూమినా తీసేటప్పుడు కాస్టిక్ సోడా ద్రావణంలో వనేడియం కూడా కరుగుతుంది. దాన్ని బురద రూపంలో వేరు చేస్తారు. విశాఖ ఏజెన్సీలో బాక్సైట్ తవ్వకాలను ఆదివాసీలు ఏళ్లుగా ఎలా అడ్డుకున్నారో తెలిసిందే. ఈ బురద కోసమైతే కొత్తగా ఏ కొండా తవ్వక్కర్లేదు.