పీయూష గ్రంథి కణితి: చికిత్స అనంతరం స్త్రీల దేహంలో కొవ్వు, కండ, ఎముక

పీయూష గ్రంథి మెదడు అడుగున, ముక్కు వెనుక భాగాన బఠాణీ గింజంత ఉంటుంది. అందులో ఏర్పడే కణితులు దాదాపుగా క్యాన్సరు కావు. అయితే కొన్ని కణితులు హార్మోన్లను అదుపు లేకుండా స్రవించి, దేహంలో కొవ్వు, కండ, ఎముకల పాళ్ళను మార్చివేస్తాయి. చికిత్స జరిగినంత మాత్రాన ఆ పాళ్ళు వెంటనే యథాస్థితికి రావు.

వీటిలో కుషింగ్ వ్యాధి ప్రధానంగా చెప్పదగినది. ఈ వ్యాధికీ, పీయూష గ్రంథి కణితికీ గల సంబంధాన్ని అమెరికా శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ 1932లో వివరించాడు. పురుషులకన్న స్త్రీలకే ఇది ఎక్కువగా వస్తుంది. కణితి నుండి వెలువడే ఏసీటీహెచ్ అనే హార్మోను, మూత్రపిండాలపై టోపీల వలె ఉండే అధివృక్క గ్రంథులను ప్రేరేపించగా, కార్టిసాల్ మితిమీరి తయారవుతుంది. ముఖం గుండ్రమవుతుంది. పొట్టలోను, మెడ వెనుకను కొవ్వు పేరుకుంటుంది. కాళ్ళు చేతులు మాత్రం సన్నబడతాయి. పొట్టపై ఊదారంగు చారలు, నెలసరి తప్పడం, రక్తపోటు, మధుమేహం తోడు కావచ్చు. తొడ కండరాలు క్షీణించడంచేత పీట మీదినుండి లేవడానికి చేతి ఊత కావలసివస్తుంది. కూర్చుని తిని లావెక్కిందని మాటలు పడే ఇల్లాలికి నిజానికి ఒంట్లోని కండ కరిగిపోతూ ఉంటుంది.

ముక్కు మార్గం గుండా కణితిని తొలగించడమే ప్రధాన చికిత్స. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల, బెంగళూరు నిమ్‌హాన్స్, హైదరాబాదు నిమ్స్ వంటి చోట్ల ఈ శస్త్రచికిత్స చేస్తారు. కణితి పూర్తిగా తొలగితే కార్టిసాల్ ఒక్కసారిగా పడిపోతుంది. అంతవరకు అణగి ఉన్న సహజ స్రావం తిరిగి మొదలుకావడానికి నెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాదికి పైగా పడుతుంది. అందాకా హైడ్రోకార్టిసోన్ మాత్రలు తప్పవు. స్టెరాయిడ్ వల్ల లావవుతారని ఎవరో అన్నారని వాటిని మానివేయడం ప్రాణాపాయం. జ్వరం వచ్చినప్పుడు వైద్యుడు చెప్పిన ప్రకారం మోతాదు పెంచాలి. వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఆసుపత్రిలో సూదిమందు ఇప్పించాలి. సరిహద్దుకు ఏ వైపు ఆసుపత్రికి వెళ్ళినా, ఈ మందు వాడుతున్నట్లు తెలిపే చీటీ వెంట ఉండాలి.

చికిత్స పిమ్మట నెలలు గడిచేకొద్దీ బరువు, పొట్ట తగ్గుతాయి గాని, అందరిలోను పూర్తిగా కాదు. 2009లో స్పెయిన్‌లోని బార్సిలోనా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, వ్యాధి నయమై ఏళ్ళు గడిచిన స్త్రీలలో సైతం ఇతర స్త్రీలకన్న కొవ్వు ఎక్కువగా కనిపించింది. అది వారి సోమరితనం కాదు. ఎముకల సాంద్రత కూడా నిదానంగానే కోలుకుంటుంది. కండబలానికి క్రమమైన వ్యాయామం, తగిన మాంసకృత్తులు కావాలి. తూకపు యంత్రం కొవ్వునూ కండనూ వేరుచేసి చెప్పలేదు. డెక్సా అనే పరీక్ష ఆ పని చేస్తుంది. ఇంటివద్ద నడుము చుట్టుకొలత, చేతి ఊత లేకుండా లేవగలగడం గమనిస్తే కొంత తెలుస్తుంది.

పెరుగుదల హార్మోను ఎక్కువయ్యే ఆక్రోమెగలీలో కథ తలకిందులు. మెట్టెలు, ఉంగరాలు బిగుతయ్యేటట్లు కాళ్ళు చేతులు పెరుగుతాయి. ఒంట్లో కొవ్వు మాత్రం తక్కువగా ఉంటుంది. చికిత్స ఫలించాక కొవ్వు పెరుగుతుంది. అది చూసి వ్యాధి తిరగబెట్టిందని కంగారుపడనక్కరలేదు. తిరగబెట్టినదీ లేనిదీ రక్తపరీక్షలే చెప్పాలి.

బిడ్డ లేకుండానే పాలు రావడం, నెలసరి ఆగడం ప్రొలాక్టిన్ కణితి లక్షణాలు. ఇది చాలామందిలో క్యాబర్‌గోలిన్ మాత్రలతోనే కుదించుకుపోతుంది. నెలసరి తిరిగి వస్తే ఎముకలకూ మేలు జరుగుతుంది.